ఊరు పట్నం కాకముందే

పెద్దవంగరలో నిలబడి పట్టణాల సుస్థిర నిర్వహణ గురించి మాట్లాడడమేమిటని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కొడకండ్ల మండలం నుంచి విడివడి మండల కేంద్రమైన ఊరు ఇది. నేటికీ పంచాయతీ పాలనే. పక్కనున్న తొర్రూరు సైతం 2018 దాకా పంచాయతీగానే ఉంది. అయినా ఈ ఉపన్యాసంలో నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే. పట్టణాన్ని నిలబెట్టడానికి ప్రపంచం తయారుచేసుకున్న లెక్కలు, పటాలు, కొలమానాలు మన దగ్గరికి పట్టణం పాడయ్యాకే వస్తున్నాయి. అవి రావలసింది ఊరు పట్నంగా మారబోయే రోజుల్లో, చేరవలసింది ఆ ఊరి పంచాయతీ చేతికి. పెద్దవంగర సరిగ్గా ఆ దశలో ఉంది. మండల కార్యాలయాలు వచ్చాయి, వాటి వెంట కిరాయి ఇళ్లు, దుకాణాలు, ప్లాట్ల బేరాలు వస్తాయి. ఏ మండల కేంద్రంలోనైనా ఇదే వరుస. ఈ వరుసలో ఎక్కడో ఒకచోట ఊరు తన నీటిదారిని, తన చెత్తను, తన మురుగును లెక్కలోకి తీసుకోవాలి. ఆ పని ముందే జరిగితే చౌక. ఆలస్యమైన కొద్దీ ఖరీదు పెరుగుతుంది, ఒక హద్దు దాటాక డబ్బు పెట్టినా కుదరదు.

ఆ కొలమానాలేమిటో కొంచెం చూద్దాం. పర్యావరణ బాధ్యతను స్థానిక ప్రభుత్వాలే తలకెత్తుకోవాలన్న ఆలోచనతో 1990లో ఇక్లీ అనే అంతర్జాతీయ సంఘం పుట్టింది. నగరం ఎంత కరెంటు కాలుస్తోంది, ఎంత కర్బనం వదులుతోంది అని లెక్కగట్టే పద్ధతులను మున్సిపాలిటీలకు నేర్పడం దాని పనుల్లో ఒకటి. మన దేశంలో 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సేవాస్థాయి ప్రమాణాల పుస్తకం వేసింది. తాగునీరు, మురుగునీరు, చెత్త, వరదనీటి కాలువలు అనే నాలుగు రంగాల్లో 28 సూచికలు పెట్టింది. దాని మేలు చిన్నది కాదు. అంతవరకు ఎన్ని కిలోమీటర్ల పైపు వేశామన్నదే గొప్పగా ఉండేది. ఆ పుస్తకం వచ్చాక రోజుకు ఎన్ని గంటలు నీళ్లొస్తున్నాయి, మనిషికి ఎన్ని లీటర్లు అందుతున్నాయి, ఎంత నీరు మధ్యలో కారిపోతోంది అని అడగడం మొదలైంది. ఆ తర్వాత 2016లో 73 నగరాలతో స్వచ్ఛ సర్వేక్షణ్, 2019లో వాతావరణ మార్పును తట్టుకునే నగరాల కోసం మరో మదింపు పద్ధతి వచ్చాయి. మన రాష్ట్రం 2019లో మున్సిపల్ చట్టం తెచ్చి, ప్రతి పురపాలక సంఘం తన బడ్జెట్లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని రాసింది. వీటిలో లోపాలున్నా దిశ మంచిదే. చిక్కల్లా ఇవన్నీ మున్సిపాలిటీ అనే బోర్డు తగిలించిన చోటికే వస్తాయి. ఆ బోర్డు పడేనాటికి జరగవలసిన నష్టంలో పెద్ద భాగం జరిగిపోయి ఉంటుంది.

దీనికి రుజువు కోసం దూరం వెళ్లక్కర్లేదు. వరంగల్ మన పెద్ద నగరం. 2016 మే నెలలో స్మార్ట్ సిటీ పథకానికి ఎంపికైంది. తెలివైన సాధనాలకు కొదవ లేని నగరం. అయినా 2020 ఆగస్టు వానలకు హన్మకొండ, వరంగల్ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నయీంనగర్ నాలా మీద, ఇతర నాలాల మీద ఆక్రమణలు తొలగించాలని అప్పుడు ఆదేశాలొచ్చాయి. 2023 జులైలో మళ్లీ అదే జరిగింది. ఆ జులై వానను మామూలు వాన అనకూడదన్న మాట నిజం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది, భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. అంత వానకు ఏ నాలా చాలదు. కానీ 2020 వాన అంతటిది కాకపోయినా నగరం మునిగింది. కారణం వాన ఒక్కటే అయితే ప్రతి పెద్ద వానకూ అవే కాలనీలు మునగవు. నీళ్లు పాత దారినే వచ్చాయి, ఆ దారిలో ఇళ్లున్నాయి. ఇక్కడ మరో సంగతి గుర్తుంచుకోవాలి. గ్రేటర్ వరంగల్‌లో చుట్టుపక్కల 42 గ్రామాలను కలిపారు. అవి పంచాయతీలుగా ఉన్నప్పుడు ఎక్కడ ప్లాట్లు చేశారో, ఏ ఒర్రెను పూడ్చారో, ఏ కుంట శిఖంలో దారి తీశారో అదంతా నగరానికి వారసత్వంగా వచ్చింది. వరంగల్‌కు 1970ల నాటి మాస్టర్ ప్లాన్ స్థానంలో 2041 వరకు చూపున్న కొత్త ప్లాన్ తయారుకావడానికి దశాబ్దాలు పట్టింది. ఆ దశాబ్దాల్లో నగరం ఎక్కడ పెరగాలో ప్లాన్ నిర్ణయించలేదు, అంచున ఉన్న ఊళ్లలో జరిగిన ప్లాట్ల బేరాలు నిర్ణయించాయి.

ఇది వరంగల్ ఒక్కదాని కథ కాదని చెప్పే లెక్క ఒకటుంది. 2020లో ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే రాష్ట్రమంతటా 25 లక్షల 50 వేలకు పైగా వచ్చాయి. వాటిలో 10 లక్షలకు పైగా గ్రామ పంచాయతీల నుంచే. ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. దరఖాస్తు పెట్టినవాళ్లలో చాలామంది కష్టపడి కూడబెట్టిన డబ్బుతో నూరో నూటయాభయో గజాలు కొనుక్కున్నవాళ్లు. వాళ్లు నేరస్తులు కారు. ఎక్కడ ఇల్లు కట్టొచ్చో, ఎక్కడ నీళ్లు పారుతాయో చెప్పే పటం వాళ్లకు ఎవరూ చూపలేదు. పది లక్షల ప్లాట్లంటే మన పల్లెలు పల్లెలుగా ఉంటూనే పట్టణాలను కడుతున్నాయన్న మాట. దేశం మొత్తం మీదా ఇదే తీరు. 2001 జనగణనలో 1,362గా ఉన్న జనగణన పట్టణాలు 2011కి 3,890 దాటాయి. బతుకుతెరువులో, జనసాంద్రతలో అవి పట్టణాలు, పాలనలో పల్లెలు. రాజ్యాంగం దీన్ని ఊహించకపోలేదు. 1992 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 74వ సవరణ, పల్లె నుంచి పట్టణానికి మారుతున్న ప్రాంతాలకు నగర పంచాయతీ అనే మెట్టు పెట్టింది. మన రాష్ట్రం ఆ మెట్టును తీసేసింది. తొర్రూరు, మరిపెడ, డోర్నకల్ ఒక్కసారిగా మున్సిపాలిటీలయ్యాయి. మారుతున్న దశకంటూ ఒక చట్రం లేనప్పుడు ఆ దశను సంభాళించే భారమంతా పంచాయతీ మీదే పడుతుంది.

ఇక పెద్దవంగర వంటి ఊరు దేన్ని కొలవాలి? అన్నిటికంటే ముందు నీటిని. మన ప్రాంతం కాకతీయుల గొలుసుకట్టు చెరువుల నేల. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది కుంటకు, అక్కడి నుంచి వాగుకు పోతుంది. ఈ ఏర్పాటుకు ఒక లెక్క ఉండేది, ఆ లెక్క తెలిసిన మనిషి ఉండేవాడు. తూము ఎప్పుడెత్తాలో, కట్ట ఎక్కడ మెత్తబడిందో, మత్తడి నీళ్లు ఎటు పోతాయో నీరటికి తెలుసు. ఆధునిక భాషలో చెప్పాలంటే ఊరి నీటి సమాచార వ్యవస్థ ఆయనే. ఆ వృత్తి సన్నగిల్లింది, దానితో పాటు ఆ జ్ఞాపకమూ పోతోంది. శిఖం హద్దులు రెవెన్యూ రికార్డులో ఉంటాయి, చెరువు నిండు మట్టం నీటిపారుదల శాఖ దగ్గర ఉంటుంది, ప్లాటు కొనేవాడి చేతిలో మాత్రం రంగురంగుల బ్రోచర్ ఉంటుంది. ఈ మూడూ ఒకచోట కలిసేది పంచాయతీ కార్యాలయం గోడ మీదే కావాలి. 2024 సెప్టెంబరు 1న మన మహబూబాబాద్ జిల్లాలోనే కేసముద్రం దగ్గర వరద రైలు పట్టాల కింది కంకరను కోసుకుపోయింది, పట్టాలు గాలిలో వేలాడాయి. నీటిదారిని మరిచిపోతే పెద్దపెద్ద కట్టడాలే నిలవవు.

వాననీటి తర్వాత వాడిన నీరు. మిషన్ భగీరథలో పల్లెకు మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీకి 135, కార్పొరేషన్‌కు 150 అని ప్రమాణం పెట్టుకున్నారు. ఇచ్చిన నీటిలో సుమారు 80 శాతం మురుగై తిరిగొస్తుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే వెయ్యిమంది ఉన్న చోట రోజుకు 80 వేల లీటర్లు. ఇంటింటికీ నల్లా వచ్చినప్పుడు సంతోషించాం, సంతోషించవలసిందే. కానీ ఆ 80 వేల లీటర్లు ఎటు పోవాలన్న లెక్క నల్లాతో పాటు రాలేదు. ఇళ్లు దూరం దూరంగా ఉన్నన్నాళ్లు పెరట్లో ఇంకుడుగుంత చాలు. గోడకు గోడ ఆనించి ఇళ్లు లేచాక గుంతకు చోటు ఉండదు, మురుగు వీధి కాలువలోకి, అక్కడి నుంచి ఊరచెరువులోకి చేరుతుంది. ఆ చెరువు పాడైన సంగతి ముందుగా తెలిసేది చేపలు పట్టేవాళ్లకు, బతుకమ్మను సాగనంపే ఆడపడుచులకు. సెప్టిక్ ట్యాంకు నిండితే బండివాడు వస్తాడు, తోడుకుపోతాడు, ఎక్కడ పారబోస్తాడో ఎవరూ అడగరు.

ఇది తీరని సమస్య అనుకోనక్కర్లేదు. వరంగల్ 2016లో మలవ్యర్థాల నిర్వహణకు ప్రత్యేక నియమావళి తెచ్చుకుంది, దేశంలో ఆ పని చేసిన తొలి నగరాల్లో అది ఒకటి. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ తోడ్పాటుతో సెప్టిక్ ట్యాంకు బండ్లకు లైసెన్సులు పెట్టి, తోడిన మలాన్ని అమ్మవారిపేట దగ్గరి శుద్ధి కేంద్రానికి చేర్చే ఏర్పాటు చేసింది. భూగర్భ డ్రైనేజీ కోసం వందల కోట్లకు ఎదురుచూస్తూ కూర్చోకుండా ఉన్న ట్యాంకులను, ఉన్న బండ్లను ఒక లెక్కలోకి తెచ్చింది. ఈ ఆలోచన చిన్న ఊళ్లకు ఇంకా బాగా సరిపోతుంది. తొర్రూరు స్థాయి పట్టణంలో ఒక శుద్ధి కేంద్రం ఉంటే చుట్టూ ఉన్న మండలాల బండ్లన్నీ అక్కడికే రావచ్చు, పంచాయతీ చేయవలసిందల్లా ఏ ఇంటి ట్యాంకు ఏ రోజు తోడారో, బండి ఎక్కడికి పోయిందో ఒక రిజిస్టరులో రాయడం. చెత్త విషయంలో మనకు దక్షిణాన ఉన్న సూర్యాపేట ఇరవై ఏళ్ల కిందటే దారి చూపింది. 2003 ప్రాంతంలో మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ హయాంలో సుమారు లక్ష జనాభా ఉన్న ఆ పట్టణం వీధుల్లో చెత్తకుండీలు తీసేసింది. ఇంటింటికీ బండి వెళ్లి తడి, పొడి వేరుగా తీసుకునేది. తడి చెత్త ఎరువయ్యేది, పొడిది అమ్ముడయ్యేది. బయటి సంస్థల నిధులు లేకుండా, ఉన్న ట్రాక్టర్లతో, ఉన్న మనుషులతో చేశారు. దేశంలోని ఇతర నగరాలు వచ్చి చూసి వెళ్లాయి. అక్కడ వాడిన సాధనం ఏమిటంటే, ఏ వీధిలో ఎన్ని ఇళ్లు, ఏ దుకాణం ఎంత చెత్త ఇస్తుంది, బండి ఏ గంటకు ఎక్కడుండాలి అన్న చిట్టా. ఇక గీసుకొండ మండలం గంగదేవిపల్లి పట్టణం కానే కాదు, చిన్న పంచాయతీ. నీళ్లకు, పారిశుద్ధ్యానికి, విద్యకు వేర్వేరు కమిటీలు వేసుకుని, పన్ను నూటికి నూరు శాతం వసూలు చేసుకుని నిలబడింది. ఈ మూడు చోట్లా ఒక పోలిక ఉంది: లెక్క రాసినవాళ్లే ఆ లెక్క చూసి మర్నాడు ఏం చేయాలో నిర్ణయించుకున్నారు.

ఈ వాదానికి వచ్చే అభ్యంతరాలను తోసిపుచ్చకూడదు. మొదటిది, పంచాయతీలో మనుషులేరీ అన్నది. ఒకప్పుడు ఈ అభ్యంతరానికి జవాబు లేదు. 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులు ప్రకటించి, ఊరికొక కార్యదర్శి ఉండేలా చేశాక పరిస్థితి మారింది. ట్రాక్టరు, ట్యాంకరు, నర్సరీ, చెత్త వేరుచేసే షెడ్డు పల్లె ప్రగతిలో వచ్చాయి. మనిషి ఉన్నాడు, ఆ మనిషికి తీరిక లేదు. కేంద్రం పంచాయతీల పురోగతి సూచిక కోసం 435 సూచికలు పెట్టింది. ఒక నగరానికి నాలుగు రంగాల్లో 28 సూచికలు చాలనుకున్న దేశంలో, ఒక కార్యదర్శి ఉన్న పల్లె నుంచి తొలి విడతలో 435 అడిగాం. పొద్దున మొక్కల ఫొటో, మధ్యాహ్నం పారిశుద్ధ్యం ఫొటో, సాయంత్రం మరో యాప్. ఇవి కొలతలే, కానీ పైవాళ్ల కోసం. ఆ సూచికలో తొలి ఫలితాలు 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. తెలంగాణ నుంచి 270 పంచాయతీలు ముందు వరుసలో నిలిచాయి, గుజరాత్ తర్వాత మనమే. గర్వించదగ్గ మాట. కానీ ఆ ఫలితాలు వచ్చిన రోజున రాష్ట్రంలో ఏ పంచాయతీకీ సర్పంచ్ లేడు. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిశాక 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. నివేదికలు పైకి పోతూనే ఉన్నాయి, వాటిని చూసి నిలదీయవలసిన వార్డు సభ్యులే లేరు. అందుకే నా ఉద్దేశంలో పెద్దవంగరకు 435 అక్కర్లేదు. ఊరు తన కోసం రాసుకునేవి నాలుగైదు చాలు: నీటిదారి పటం, ఆ పటం చూసి ఇచ్చిన ఇళ్ల అనుమతులు, రోజు చెత్త ఎంత, ఎటు పోయింది, సెప్టిక్ ట్యాంకుల రిజిస్టరు, మోటార్ల, వీధిదీపాల కరెంటు బిల్లు. ఆఖరిది చిన్నదనుకుంటారు. కారుతున్న పైపు, పగలంతా వెలిగే దీపం, కాలిపోయే మోటారు అన్నీ ఆ బిల్లులో కనబడతాయి.

రెండో అభ్యంతరం బరువైనది. ఇక్కడ కట్టొద్దు, అక్కడ అమ్మొద్దు అంటే రైతు భూమి విలువ పడిపోదా? నగరాల వాళ్లు వాళ్ల చెరువులు మింగి బాగుపడ్డాక పల్లెలకు నీతులెందుకు? దీనికి 111 జీవో చరిత్ర చూడాలి. హైదరాబాద్ పక్కనున్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడడానికి 1996లో చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేశారు. నగరం అక్కడికి రాకముందే వచ్చిన నియమం కాబట్టి జలాశయాలు పాతికేళ్లు నిలిచాయి. మరోవైపు ఆ గ్రామాల రైతులు నగరం తాగే నీటి కోసం తమ భూమి ధర వదులుకున్నారు, వారికి ప్రతిఫలంగా ఏమీ దక్కలేదు. చివరికి 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తివేసింది. నేను దీన్నుంచి తీసుకునే పాఠం రెండు వైపులా ఉంది. ముందే గీసిన గీత పనిచేస్తుంది. భారమంతా కొందరి మీదే వేసిన గీత ఎక్కువకాలం నిలవదు. పెద్దవంగరకు పది కిలోమీటర్ల వలయం అవసరం లేదు. శిఖం, మత్తడి కాలువ, ఒర్రె, వాగు ఒడ్డు: ఈ సన్నని పట్టీని వదిలితే చాలు. శిఖం పట్టా ఉన్న రైతు నష్టపోతే ఆ భారాన్ని ఊరంతా మోయాలి. కేరళలో వయనాడ్ జిల్లా మీనంగాడి అనే గ్రామ పంచాయతీ 2016లో కర్బన తటస్థత లక్ష్యం పెట్టుకున్నప్పుడు చెట్లను నరకకుండా ఉంచిన రైతుకు చెట్టుకు ఏడాదికి 50 రూపాయల చొప్పున వడ్డీ లేని అప్పు ఇచ్చే పద్ధతి తెచ్చింది. పచ్చదనాన్ని రైతు ధర్మంగా అడగకుండా దానికి ధర కట్టింది. ఆ దారిలో మనమూ ఆలోచించవచ్చు.

పటం ఉన్నంత మాత్రాన ఆక్రమణ ఆగుతుందా అన్నది మూడోది. ఆగదు. చెరువుల హద్దులు కాగితాల్లో ఉండగానే చెరువులు మాయమయ్యాయి. ఆఫీసు బీరువాలో ఉన్న పటానికి రక్షణ లేదు, దాన్ని మార్చడానికి ఒక్క సంతకం చాలు. ఊరందరికీ తెలిసిన పటాన్ని మార్చడం కష్టం. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలంటోంది. గడిచిన రెండు నెలల్లో ఏయే సర్వే నంబర్లలో ఇళ్లకు అనుమతి ఇచ్చారో, అవి పటంలో ఎక్కడున్నాయో ఆ సభలో చదవాలి. ఆ మాట చదివినప్పుడు కింది పొలం రైతు లేచి, అది మత్తడి నీళ్లు పోయే దారి అని చెబుతాడు. ఉపగ్రహ చిత్రం చెప్పలేనిది ఆయన చెబుతాడు, ఆయన మాటకు ఉపగ్రహ చిత్రం సాక్ష్యమవుతుంది. రాజకీయ ఒత్తిడి అప్పుడూ ఉంటుంది. కానీ సభలో నలుగురి ముందు పడిన మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది, కోర్టుకు పోవలసివస్తే ఆ పుస్తకం పనికొస్తుంది.

ఇందులో ఏ పనికీ కొత్త పథకం అక్కర్లేదు. మండలానికొకటైనా ఉండేలా రాష్ట్రంలో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి, వాన లెక్క రోజూ దొరుకుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం భువన్ చిత్రాలు ఉచితంగా చూడొచ్చు. వరంగల్‌లో ఎన్ఐటీ ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. సర్వే నేర్చుకునే విద్యార్థులకు ఒక ఎండాకాలం ఈ మండలపు చెరువులను, ఒర్రెలను అప్పగించవచ్చు, వాళ్లతో పాటు పాత నీరటి కుటుంబాల పెద్దలను కట్టల మీద నడిపించవచ్చు. రెవెన్యూ సర్వేయరు, నీటిపారుదల శాఖ ఏఈ, పంచాయతీ కార్యదర్శి ఒకే రోజున వచ్చి నిండు మట్టం దగ్గర రాళ్లు పాతాలి. కొత్త పాలకవర్గాలు ఇప్పుడే కుర్చీలెక్కాయి, ముందు అయిదేళ్ల గడువుంది. తొలి ఏడాదిలో రాళ్లు పడితే రెండో ఏడాది నుంచి ప్రతి లేఅవుట్ దరఖాస్తుకూ ఆ పటం నకలు జతచేసి పైకి పంపవచ్చు. లేఅవుట్‌కు సాంకేతిక అనుమతి ఇచ్చే అధికారం పంచాయతీకి లేదు, నిజమే. అయితే దరఖాస్తు మొదట చేరేది పంచాయతీకే. పటం జతచేయకుండా ఏ దరఖాస్తునూ పైకి పంపకూడదని అది తీర్మానం చేసుకోవచ్చు, ఆ తీర్మానం మీద మొదటి సంతకం సర్పంచ్‌ది, రెండోది కార్యదర్శిది.